పేరు దొరకని జబ్బుకూ ఒక డాక్టరు ఉండాలి: వైద్య ఆరోగ్య శాఖలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖల మంత్రులకు, వైద్య విద్య సంచాలకులకు, బోధనాసుపత్రుల సూపరింటెండెంట్లకు, జనరల్ మెడిసిన్ విభాగాధిపతులకు,

విషయం: నెలల తరబడి రోగనిర్ధారణ జరగనివారికి ప్రత్యేక ఓపీ, వారి భార్య లేదా భర్త చెప్పే వివరాలకు కేస్‌షీట్‌లో చోటు.

అయ్యా, అమ్మా,

2020 డిసెంబరులో ఏలూరులో జనం ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి పడిపోయారు. రోజుల వ్యవధిలో బాధితుల సంఖ్య వందల్లోకి చేరింది. ఎందుకో ఎవరికీ తెలియదు. అయినా ఎయిమ్స్ నిపుణులు వచ్చారు, హైదరాబాద్ నుంచి ఎన్ఐఎన్, సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు కదిలారు, పర్యావరణ పరిశోధన సంస్థ నీరి నుంచి కూడా వచ్చారు. తాగే నీళ్లు, పాలు, కూరగాయలు, రక్తం అన్నిటినీ పరీక్షించారు. రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయి, పురుగుమందుల అవశేషాల వైపూ చూపు మళ్లింది. ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు మూలం ఇదీ అని తేల్చి చెప్పకముందే 2023లో పలాసలో 200 పడకల ఆసుపత్రి, దానితోపాటు పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. కారణం తెలియకపోయినా పని మొదలుపెట్టవచ్చని మన ప్రభుత్వాలకు తెలుసు.

అదే అంతుపట్టని జబ్బు ఒక్క ఇంట్లో ఒక్క మనిషికి వస్తే ఎవరూ రారు. ఆ మనిషిని వెంటబెట్టుకుని భార్యో భర్తో ఒక్కో గుమ్మం ఎక్కి దిగాలి. అలాంటి భార్యలం, భర్తలం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. మా ఇళ్లలో ఏం జరిగిందో ఇక్కడ చెప్పబోవడం లేదు. ఎక్కడ దారి తప్పుతోందో, ఎందుకు తప్పుతోందో, దాన్ని సరిచేయడానికి ఏం కావాలో మాత్రమే చెబుతాం.

ముందు ఓపీ సంగతి. కడుపునొప్పి అంటే గ్యాస్ట్రోకి, తిమ్మిర్లంటే న్యూరోకి, గుండెదడ అంటే కార్డియాలజీకి పంపుతారు. ప్రతి విభాగమూ తన అవయవం వరకు చూసి "మా వైపు నుంచి ఏమీ లేదు" అని రాస్తుంది. విడివిడిగా ఆ మాటలన్నీ నిజమే కావచ్చు. కానీ నాలుగు విభాగాలు రాసిన నాలుగు "ఏమీ లేదు"లను ఒక బల్ల మీద పరిచి, ఈ మనిషికి ఇన్ని బాధలు కలిసి ఎందుకొచ్చాయని అడిగే బాధ్యత ఎవరిదీ కాదు. మళ్లీ నెలకు వెళ్తే యూనిట్ మారి ఉంటుంది, పీజీ డాక్టరు మారి ఉంటారు, ఓపీ చీటీ కొత్తది, కథ మళ్లీ మొదటి నుంచి. ఈ మొత్తం తిరుగుడులో మారకుండా ఉండేది రోగి పక్కన నిలబడ్డ ఆ ఒక్క మనిషే. ఆమెనో ఆయననో మనం "అటెండర్" అని పిలిచి, రక్తం సీసాలు ల్యాబుకు మోయడానికి వాడుకుంటున్నాం.

ఆ అటెండర్ నిజానికి సాక్షి. కొన్ని జబ్బుల్లో ఆ సాక్ష్యమే సగం నిర్ధారణ.

ఫిట్స్ తీసుకోండి. వచ్చినప్పుడు ఏం జరిగిందో రోగికి తెలియదు. తల ఏ పక్కకు తిరిగింది, కళ్లు తెరిచి ఉన్నాయా గట్టిగా మూసుకుని ఉన్నాయా, నాలుక పక్కభాగం తెగిందా, ఎన్ని నిమిషాలు సాగింది, తేరుకున్నాక మాట సరిగ్గా రావడానికి ఎంతసేపు పట్టింది, ఇవి చూసినవాళ్లే చెప్పగలరు. కండరాలు త్వరగా అలసిపోయే మయస్థీనియా జబ్బులో రెప్పలు వాలడం, నమలలేకపోవడం, గొంతు ముక్కులోంచి రావడం సాయంత్రానికి ముదురుతాయి. ఉదయం పది గంటల ఓపీలో ఆ రెప్పలు మామూలుగానే ఉంటాయి. రాత్రి తొమ్మిదింటికి ఇంట్లో భర్త సెల్‌ఫోన్లో తీసిన 30 సెకన్ల వీడియో, పొద్దున లేవగానే తీసిన మరో 30 సెకన్ల వీడియో పక్కపక్కన పెడితే, మామూలు స్కానింగులు చూపలేనిది కనబడుతుంది. యాంటీబాడీ పరీక్ష నెగెటివ్ వచ్చినంత మాత్రాన ఆ జబ్బు లేదని కాదు.

ఇంకొకటి రక్తంలో పొటాషియం పడిపోవడం వల్ల వచ్చే పక్షవాతం. బాగా పనిచేసి, రాత్రి కడుపునిండా అన్నమో స్వీట్లో తిని పడుకున్న మగమనిషి తెల్లవారుజామున లేవబోతే కాళ్లు కదలవు. ఊరి నుంచి ఆటోలో తీసుకొచ్చేసరికి మూడు నాలుగు గంటలు గడుస్తాయి. ఈలోగా పొటాషియం తిరిగి లేచిందంటే రిపోర్టు నార్మల్, కాళ్లు కూడా కదులుతున్నాయి కాబట్టి "టెన్షన్" అని రాసి పంపేస్తారు. ముందురోజు ఏం చేశారు, ఏం తిన్నారు, ఇలా ఇది ఎన్నోసారి అన్న మూడు ప్రశ్నలు భార్యను అడిగితే దారి దొరుకుతుంది. ఆ పైన థైరాయిడ్ పరీక్ష తప్పనిసరి, ఎందుకంటే మన ప్రాంతపు మగవాళ్లలో దీని వెనుక థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం ఉండవచ్చు. క్యాజువాలిటీలో సెలైన్, పొటాషియం ఎక్కించడానికి ముందే రక్తం తీయాలి, ఈసీజీ తీయాలి. ఆలస్యమైతే ఆధారం పోవచ్చు.

అందుకే మా మొదటి అభ్యర్థన: తోడు వచ్చిన మనిషి రాసి తెచ్చే ఒక పేజీని కేస్‌షీట్ మొదటి కాగితంగా జత చేయనివ్వండి. చూసినట్టు డాక్టరు సంతకం పెట్టండి. ఎవరి గోడో వినడానికి గంటలు కేటాయించమని మేం అడగడం లేదు. ఏ4 కాగితం, ఒక వైపే, రెండు నిమిషాల్లో చదవగలిగేది.

ఆ పేజీలో ఏముండాలో మేం చాలా ఆలోచించాం. పైన రోగి వయసు, వృత్తి, చివరిసారి పూర్తిగా బాగున్నది ఏ నెలలో అన్నది. దాని కింద మూడు ముఖ్యమైన బాధలు, అదీ చేయలేకపోతున్న పనుల రూపంలో. "నీరసం" అంటే డాక్టరుకు ఏమీ తెలియదు. "జనవరిలో రెండంతస్తులు ఎక్కేవారు, జూన్ నాటికి మూడు మెట్లకు ఆగుతున్నారు" అంటే తెలుస్తుంది. బరువు కిలోల్లో, తేదీతో. తర్వాత ఏది ముందు వచ్చింది, ఏది తర్వాత వచ్చింది అన్న వరుస. వాడిన మందులు, ఎంత మోతాదు, ఎన్ని రోజులు, దానివల్ల తగ్గిందా పెరిగిందా. పరీక్షల దగ్గర "నార్మల్" అని రాయకూడదు, తేదీ, అంకె, కొలమానం రాయాలి. రెండేళ్లలో హిమోగ్లోబిన్ 13 నుంచి 12కి, 12 నుంచి 11కి జారుతుంటే ఏ ఒక్క రిపోర్టు చూసినా పెద్ద తేడా అనిపించదు, వరుసగా రాస్తేనే జారుడు కనబడుతుంది.

ఇక ఇల్లు, పని, ఊరు. పొలంలో ఏ పురుగుమందు కొడతారు, బ్యాటరీ లేదా రంగుల పని ఉందా, గొర్రెలు, పశువుల ఈతల్లో చెయ్యి పెట్టారా, పచ్చిపాలు తాగారా, బోరు నీళ్లా కుళాయి నీళ్లా, చెట్ల పొదల్లో పని తర్వాత చంకలోనో గజ్జల్లోనో కాలిన మచ్చలాంటి నల్లని పొక్కు కనిపించిందా. ఈ చివరిది పొదల్లోని చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ అనే జ్వరానికి గుర్తు. నొప్పి పుట్టదు కాబట్టి రోగి చెప్పరు, బట్టలు తీసి చూడకపోతే డాక్టరుకు దొరకదు, ఇంటి మనిషికి తెలిసే అవకాశం ఉంది. భస్మాలు, నాటుమందులు వాడి ఉంటే దాచకుండా రాయాలి. కడుపులో మెలిపెట్టే నొప్పి, రక్తహీనత కలిసి ఉంటే రక్తంలో సీసం చూడాలన్న ఆలోచన అక్కడి నుంచే వస్తుంది. ఊళ్లో ఆర్ఎంపీ కాగితం పొట్లంలో కట్టిచ్చిన మాత్రలుంటే ఆ పొట్లమే తేవాలి. వాటిలో స్టెరాయిడ్ ఉంటే జ్వరమూ కీళ్లనొప్పులూ మాయమై మళ్లీ వస్తాయి, పరీక్షలన్నీ తారుమారవుతాయి.

కుటుంబం దగ్గర మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఒక గీత కావాలి: మేనరికమా? రోగి తల్లిదండ్రులది మేనరికమా? తాతల కాలం నుంచి మూడు తరాలు గీసి, చిన్నవయసులో పోయినవాళ్లను, పురిట్లో పోయిన పిల్లలను, నడక పోయినవాళ్లను గుర్తు పెట్టాలి. ఆడవాళ్ల విషయంలో కాన్పుల చరిత్ర రాయాలి. కాన్పులో రక్తం విపరీతంగా పోయి, తర్వాత పాలు పడక, నెలసరి తిరిగి రాక, ఏళ్ల తరబడి చలి, నీరసం, మళ్లీ మళ్లీ సోడియం పడిపోవడంతో బాధపడే స్త్రీకి మెదడు కింది పిట్యూటరీ గ్రంథి దెబ్బతిని ఉండవచ్చు. దాన్ని షీహన్ సిండ్రోమ్ అంటారు. ఆ కాన్పు పదేళ్ల కిందటిది కాబట్టి ఎవరూ అడగరు. ఇక్కడ ఒక్క టీఎస్‌హెచ్ చూసి థైరాయిడ్ బాగుందనుకుంటే పొరపాటు, థైరాయిడ్ గ్రంథి విడుదల చేసే హార్మోను ఫ్రీ టీ4 కూడా చూడాలి. ఒంటికి తప్పనిసరైన మరో హార్మోను కార్టిసాల్ లోటును ముందు సరిచేయకుండా థైరాయిడ్ మాత్ర మొదలుపెడితే ప్రాణం మీదకు వస్తుంది.

పేజీ చివర ఆ రోజు డాక్టరును అడగదలచిన ఒకే ఒక్క ప్రశ్న.

మా వైపు తప్పులూ ఉన్నాయి, ఒప్పుకుంటున్నాం. లక్షణాలకు బదులు "నరాల వీక్‌నెస్" అని ఎవరో పెట్టిన పేరు రాయడం, 200 కాగితాల ఫైలు బల్లమీద పడేయడం, తాగుడు అలవాటునో పాత మానసిక చికిత్సనో దాచడం, రోగిని మాట్లాడనివ్వకుండా తామే అందుకోవడం. ఈ చివరిది చాలా నష్టం చేస్తుంది. రోగి ముందు తన మాటల్లో చెప్పాలి, తోడు మనిషి తర్వాత చేర్చాలి. భార్యాభర్తలు ఒకరి ముందు ఒకరు చెప్పుకోలేనివి ఉంటాయి కాబట్టి డాక్టరు ప్రతిసారీ రోగితో కొద్ది నిమిషాలు విడిగా మాట్లాడాలి. తోడు మనిషిని బయటకు పంపితే మేం నొచ్చుకోం.

ఇక పరీక్షలు. జబ్బు దొరకకపోవడానికి కారణం ఎప్పుడూ డాక్టరుకు తెలియకపోవడం కాదు. సరైన పరీక్షను సరికాని సమయంలో చేయడం, లేదా నమూనాను పాడుచేయడం అంతకంటే బాధాకరమైన కారణం, ఎందుకంటే అది తప్పించగలిగినది.

జ్వరం ఉదాహరణ చూడండి. మూడు వారాలు దాటి 101 డిగ్రీల ఫారెన్‌హీట్ పైన వస్తూపోతూ ఉన్న జ్వరాన్ని కారణం తెలియని జ్వరంగా లెక్కించి వెతకాలని 1961 నుంచే వైద్యంలో ఒక పద్ధతి ఉంది. రక్తంలోని సూక్ష్మజీవులను పెంచి చూసే బ్లడ్ కల్చర్‌కు రక్తాన్ని యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందు తీయాలి, పెద్దవాళ్లకు ఒక్కో సీసాకు 8 నుంచి 10 మిల్లీలీటర్లు, కనీసం రెండు వేర్వేరు చోట్ల నుంచి. జరిగేదేమంటే, ఊళ్లోనే రెండు రకాల యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు పడ్డాక, ఒక సీసాలో రెండు మిల్లీలీటర్లు పోసి పంపుతారు. రిపోర్టు నెగెటివ్. ఆ నెగెటివ్‌ను నమ్మి ముందుకెళ్తారు.

మెడలో బిళ్ల కట్టినప్పుడు పరీక్ష కోసం తీసే ముక్క, అంటే బయాప్సీ సంగతి ఇంకా విచారకరం. మొత్తం ముక్కను ఫార్మలిన్ అనే నిల్వ ద్రావణంలో వేస్తే సూక్ష్మజీవి చచ్చిపోతుంది, కల్చర్ ఇక చేయలేరు. సగం ఫార్మలిన్‌లో, సగం నార్మల్ సెలైన్‌లో వేసి, రెండో సగాన్ని టీబీ కల్చర్‌కు, టీబీని త్వరగా పట్టే జీన్ ఎక్స్‌పర్ట్ పరీక్షకు పంపాలి. ఆపరేషన్ థియేటర్ బయట నిలబడ్డ భర్త చేతిలో రెండు డబ్బాలు ముందే పెట్టించి, ఏది ఎటు వెళ్లాలో రాసిస్తే చాలు. లింఫోమా అనే బిళ్లల క్యాన్సర్ అనుమానం ఉంటే సూదితో లాగిన కణాలతో సరిపెట్టకుండా బిళ్ల మొత్తం తీసి చూడాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, ముక్క తీయకముందు స్టెరాయిడ్ ఇవ్వకూడదు. స్టెరాయిడ్‌తో లింఫోమా తాత్కాలికంగా కరిగి, సూక్ష్మదర్శిని కింద ఏమీ తేలని ముక్క మిగులుతుంది. ప్రాణాపాయం ఉండి ఇవ్వక తప్పకపోతే, ఇచ్చిన తేదీ, మోతాదు కేస్‌షీట్ మీద ఎర్ర సిరాతో ఉండాలి.

టీబీ మందులు "వేసి చూద్దాం" అనడం మన దగ్గర మామూలు. టీబీ ఇంత ఉన్న దేశంలో కొన్నిసార్లు అదే సరైన నిర్ణయం కూడా. కానీ దేని ఆధారంగా మొదలుపెట్టారో, ఎన్ని వారాల్లో ఏ మార్పు రాకపోతే ఆపి మళ్లీ ఆలోచిస్తారో రాసి ఇవ్వాలి. అందులోని రిఫాంపిసిన్ అనే మందు, పశువుల నుంచి మనుషులకు సోకే బ్రూసెల్లా అనే సూక్ష్మజీవిని కూడా కొంతకాలం అణచగలదు. జ్వరం తగ్గింది కాబట్టి టీబీయే అని తీర్మానిస్తే, ఆ జబ్బు మళ్లీ తిరగబెడుతుంది.

సమయం విషయానికొస్తే, పోర్ఫిరియా అనే అరుదైన జబ్బు ఎటాక్‌లో విపరీతమైన కడుపునొప్పి వస్తుంది, స్కానింగ్‌లో ఏమీ ఉండదు, అపెండిక్స్ తీసేసినా నొప్పి పోదు. మూత్రంలో పోర్ఫోబిలినోజన్ అనే పదార్థం చూడాలి, అదీ నొప్పి ఉన్నప్పుడే పట్టి, డబ్బాకు అల్యూమినియం రేకు చుట్టి, వెలుతురు తగలకుండా, చల్లగా ల్యాబుకు చేర్చాలి. ఎటాక్ తగ్గాక ఓపీలో పట్టిస్తే మామూలుగా రావచ్చు. వెలుతురులో ఉంచిన మూత్రం ముదురు రంగుకు తిరిగిందని భార్య చెబితే, దయచేసి ఆ మాట దాటేయకండి. కార్టిసాల్ ఉదయం 8 గంటల ప్రాంతంలో తీయాలి. చల్లబడితే గడ్డకట్టే క్రయోగ్లోబులిన్ అనే ప్రోటీన్ల పరీక్షకు రక్తాన్ని శరీరపు వెచ్చదనంలోనే ఉంచి ల్యాబుకు చేర్చాలి, ఐసు పెట్టెలో పెడితే ఉన్నది కూడా లేనట్టు వస్తుంది. జుట్టు ఊడకుండా వేసుకునే బయోటిన్ మాత్రలు థైరాయిడ్ రిపోర్టును తప్పుదారి పట్టిస్తాయి. వాటిపై అమెరికా ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. రెండు మూడు రోజులు ముందుగా ఆపమని ల్యాబు కిటికీ దగ్గర తెలుగులో ఒక బోర్డు పెడితే ఎంత ఖర్చు?

కాబట్టి రెండో అభ్యర్థన. ఎటాక్‌లుగా వచ్చే జబ్బు ఉన్న ప్రతి రోగికీ, ఓపీలో చూసిన డాక్టరే ఒక క్యాజువాలిటీ చీటీ రాసివ్వాలి: "ఈ రోగి ఎటాక్‌తో వస్తే మందుకు ముందు ఫలానా రక్తం, ఫలానా మూత్రం, ఈసీజీ తీయండి. ఫలానా మందు వాడకండి." యూనిట్ ముద్ర, ఫోన్ నంబరు ఉండాలి. అర్ధరాత్రి డ్యూటీలో ఉన్న హౌస్ సర్జన్ భార్య మాట మీద పరీక్ష రాయలేకపోవచ్చు, సీనియర్ డాక్టరు చీటీ ఉంటే రాయగలరు. ఇది ఇద్దరికీ రక్షణ.

"ఇదంతా మానసికం" అన్న మాట గురించి జాగ్రత్తగా రాయాలి. మానసిక జబ్బు అబద్ధపు జబ్బు కాదు, సిగ్గుపడాల్సిందీ కాదు. నరాల పనితీరు తప్పడం వల్ల వచ్చే ఫంక్షనల్ లక్షణాలు నిజమైనవి, వాటికి చికిత్స ఉంది. వాటిని నిర్ధారించడానికి డాక్టరు చూడదగిన గుర్తులు ఉన్నాయి, అంతేకానీ స్కానింగులన్నీ నార్మల్ కాబట్టి మిగిలింది ఇదే అనడం నిర్ధారణ కాదు. ఒంటి రోగనిరోధక శక్తే మెదడు మీద దాడి చేసే ఎన్ఎండీఏ రిసెప్టర్ ఎన్‌సెఫలైటిస్ అనే మెదడువాపు సంగతి గుర్తుచేస్తున్నాం. దాని యాంటీబాడీని 2007లో గుర్తించారు. అంతకుముందు ఎంతమంది అమ్మాయిలకు పిచ్చి పట్టిందనో దయ్యం పట్టిందనో ముద్ర పడి ఉంటుందో ఊహించగలం. నిద్ర పట్టకపోవడం, కొన్ని రోజుల్లోనే ప్రవర్తన మారడం, మాట తగ్గడం, మూతి వింతగా కదపడం, తర్వాత ఫిట్స్. "పదిహేను రోజుల కిందటి వరకు ఈ మనిషి ఇలా లేదు" అని భర్త చెప్పే ఒక్క వాక్యం ఇక్కడ అన్నిటికన్నా విలువైనది. రక్తంతోపాటు వెన్నునీరు కూడా పంపాలి, రక్తంలో దొరకనిది అందులో దొరకవచ్చు. అండాశయంలో గడ్డ ఉందేమో చూడాలి. వేళకు చికిత్స మొదలైతే చాలామంది కోలుకునే జబ్బు ఇది.

ఆడవాళ్ల విషయంలో ఇది రెండింతలు. రోగి ఆడది అయితే "ఇంట్లో ఏమైనా గొడవలా?" అని ముందు అడుగుతారు. తోడు వచ్చింది ఆడది అయితే "మగవాళ్లు ఎవరూ రాలేదా?" అంటారు. భర్త రోగం గురించి అందరికన్నా తెలిసిన భార్యను పక్కన నిలబెట్టి, నిన్న ఊరి నుంచి వచ్చిన బావమరిదికి వివరిస్తారు. రోగి ఎవరిని తన ప్రతినిధిగా చెబితే వారితోనే మాట్లాడాలి. అడ్మిషన్ రోజే రోగి సంతకంతో ఆ పేరు కేస్‌షీట్‌లో ఎక్కించండి. ఐసీయూలో ఉన్నవారి తరఫు మనిషికి రోజూ ఒక నిర్ణీత వేళకు, నిర్ణయాలు తీసుకునే డాక్టరు చెప్పాలి, ఎవరు ఖాళీగా ఉంటే వారు కాదు.

రికార్డుల విషయంలో కొత్త చట్టం అక్కర్లేదు. 2002 నాటి భారత వైద్య మండలి వృత్తి నియమావళి ప్రకారం రోగి లేదా రోగి అధికారమిచ్చిన తోడు మనిషి అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. ఇన్‌పేషెంట్ రికార్డులను చికిత్స మొదలైన నాటి నుంచి 3 ఏళ్లు భద్రపరచాలి. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రూపొందించిన 17 అంశాల రోగుల హక్కుల పత్రంలోనూ రికార్డులు, రెండో అభిప్రాయం రెండూ ఉన్నాయి. అమల్లో మాత్రం "ఎంఆర్‌డీలో అడగండి", "సార్ సంతకం కావాలి", "పోలీస్ కేసా?" అన్న మాటలే వినబడతాయి. ఎంఆర్‌డీ, అంటే రికార్డుల విభాగం కిటికీ దగ్గర దరఖాస్తు తీసుకున్నట్టు తేదీతో రసీదు ఇవ్వమని ఒక్క సర్క్యులర్ జారీ చేయండి, సగం సమస్య తీరుతుంది.

ఇవ్వవలసింది ఏమిటన్నది కూడా ముఖ్యం. ఎంఆర్ఐ రిపోర్టు కాగితం, ఫిల్ములు చాలవు, అసలు చిత్రాలున్న సీడీ కావాలి, ఎందుకంటే ఇంకో రేడియాలజిస్టు మళ్లీ చూడాల్సింది చిత్రాలనే. బయాప్సీకి స్లైడ్లు, మైనపు బ్లాకు. బ్లాకు ఉంటే మళ్లీ కత్తి పెట్టకుండా కొత్త పరీక్షలు చేయవచ్చు. డిశ్చార్జి సమ్మరీలో దొరికినవే కాక, వెతికి లేవని తేలినవీ రాయాలి. లేకపోతే తర్వాతి ఆసుపత్రి అవే పరీక్షలు మళ్లీ రాస్తుంది, ఆ డబ్బు తాళిబొట్టు తాకట్టులోంచి వస్తుంది. ప్రతి మనిషి ఆరోగ్య ఖాతాకు ఇచ్చే 14 అంకెల ఆభా నంబరు ఓపీ టోకెన్ కోసం అడుగుతున్నారు, సంతోషం. అదే నంబరు కింద రిపోర్టులు కూడా చేరితేనే దానికి అర్థం.

డబ్బు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఎన్నో కుటుంబాలను నిలబెట్టింది. కానీ అది జాబితాలోని చికిత్సల చుట్టూ అల్లిన పథకం. జబ్బుకు పేరు లేనివారి కోసం ఆసుపత్రిలో ఆ పథకం కేసులు నమోదు చేసే ఆరోగ్యమిత్ర ఏ కోడ్ నొక్కాలి? కాబట్టి రెండు రాష్ట్రాల పథకాల్లోనూ "రోగనిర్ధారణ కోసం అడ్మిషన్" అనే ప్యాకేజీ చేర్చండి. దుర్వినియోగం అవుతుందన్న భయం సహేతుకమే. అందుకే దాన్ని బోధనాసుపత్రులకే పరిమితం చేయండి, ముగ్గురు డాక్టర్ల సంతకం పెట్టించండి, ఏడాదికి ఒకసారే అనుమతించండి. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద రూ.50 లక్షల వరకు సాయం ఉంది. హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ, నిమ్స్ కలిసి దానికి కేంద్రంగా ఉన్నాయి. అయితే ఆ సాయం నిర్ధారణ అయిన జబ్బుకే. అక్కడిదాకా చేరడానికి నిచ్చెన లేదు.

జన్యు పరీక్ష గురించి ఒక మాట. ఎక్సోమ్ పరీక్ష నెగెటివ్ వచ్చిందంటే జన్యు జబ్బు కాదని అర్థం కాదు. అది మనిషి మొత్తం జన్యు సమాచారం, అంటే జీనోమ్‌లో ఒకటి రెండు శాతాన్నే చదువుతుంది. డీఎన్ఏ అక్షరాలు పదే పదే రావడం వల్ల కలిగే కొన్ని అటాక్సియాలు (నడక తూలే జబ్బులు), మయోటానిక్ డిస్ట్రఫీ (కండరాల జబ్బు) లాంటివి అందులో సాధారణంగా పట్టుబడవు. ఈరోజు అర్థం తెలియని మార్పుకు రెండేళ్ల తర్వాత అర్థం తెలియవచ్చు. అందువల్ల రోగికి పీడీఎఫ్ రిపోర్టుతో సరిపెట్టకుండా ముడి డేటా ఇవ్వాలి, కొంతకాలానికి తిరిగి విశ్లేషించే ఏర్పాటు ఉండాలి. రోగి తల్లిదండ్రులు బతికి ఉంటే వారి రక్తమూ కలిపి చూస్తే తేలే అవకాశం పెరుగుతుంది. ఇది టెస్టు రాసేటప్పుడే చెప్పాలి, అమ్మానాన్నలు ఊరికి తిరిగి వెళ్లిపోయాక కాదు.

వైకల్య ధ్రువపత్రాలిచ్చే సదరం శిబిరంలోనూ ఇదే చిక్కు. నడవలేని మనిషి నడవలేడన్నది కళ్లెదుట ఉంది. ఏ జబ్బువల్ల అన్న గడి ఖాళీగా ఉందని వెనక్కి పంపవద్దు. పనితీరును కొలిచి, తాత్కాలిక సర్టిఫికెట్ అయినా ఇచ్చి, తిరిగి చూసే తేదీ వేయండి.

ఇవన్నీ ఒకచోటికి రావాలంటే ఒక గది కావాలి. అమెరికాలో జాతీయ ఆరోగ్య సంస్థ 2008లో నిర్ధారణ కాని జబ్బుల కోసమే ఒక కార్యక్రమం మొదలుపెట్టింది, తర్వాత అది అనేక ఆసుపత్రుల వలయంగా పెరిగింది. మనం అంత పెద్దది అడగడం లేదు. విశాఖ కేజీహెచ్, గుంటూరు జీజీహెచ్, తిరుపతి, కర్నూలు, హైదరాబాద్ ఉస్మానియా, గాంధీ, వరంగల్ ఎంజీఎం. వీటిలో ఒక్కోచోట వారానికి ఒక్క మధ్యాహ్నం, 2 నుంచి 5 గంటల వరకు. ఒక సీనియర్ ఫిజిషియన్, ఆయన పేరే ఆ రోగి కేస్‌షీట్ మీద ఏడాదంతా ఉంటుంది. న్యూరాలజీ, ఎండోక్రైనాలజీ, రుమటాలజీ నుంచి ఒక్కొక్కరు, పాథాలజిస్టు స్లైడ్లతో, రేడియాలజిస్టు సీడీతో. కొత్త రోగికి 45 నిమిషాలు, అంటే మధ్యాహ్నానికి ముగ్గురో నలుగురో. ఒక స్టాఫ్ నర్సు, ఒక ఫోన్ నంబరు. ఎవరిని తీసుకోవాలన్నదానికి హద్దు కూడా మేమే సూచిస్తున్నాం: ఆరు నెలలు దాటిన బాధ, కనీసం రెండు విభాగాలు చూసి తేల్చనిది, పనికి వెళ్లలేని స్థితి, లేదా మూడు వారాలు దాటిన జ్వరం, కారణం లేకుండా పది శాతం బరువు తగ్గడం.

అక్కడ కూడా తేలనివి ఉంటాయి. ఆ మాట రోగికి సూటిగా చెప్పండి: "మీ బాధ నిజం, కారణం ఇంకా దొరకలేదు." దాంతోపాటు రాతపూర్వకంగా నాలుగు విషయాలివ్వండి. ఇప్పటికి కొట్టివేసిన జబ్బులు, నొప్పికీ నిద్రకూ నడకకూ ఈలోగా చేసే చికిత్స, ఏ లక్షణం వస్తే తేదీ కోసం ఆగకుండా రావాలి, మళ్లీ చూసే తేదీ. ఆరు నెలలకు ఆ ఫైలును అంతకుముందు చూడని డాక్టరు ఒకరు మొదటి నుంచి చదవాలి. పాత డాక్టరు కళ్లకు అలవాటైపోయింది కొత్త కళ్లకు తగులుతుంది.

మొదట ఒక్క ఆసుపత్రిలో, మూడు నెలలు చేసి చూడండి. పైన చెప్పిన ఒక పేజీ నమూనా, క్యాజువాలిటీ చీటీ నమూనా తెలుగులో సిద్ధంచేసి ఇస్తాం. డాక్టర్లు దిద్దితే దిద్దిన రూపంలోనే వాడతాం. రోగుల వరుస, ఫైళ్ల సర్దుబాటు, ఫోన్లు చేసి పిలవడం వంటి పనులకు మాలో మనుషులున్నారు, జీతం అక్కర్లేదు. గది ఎక్కడో, ఏ వారమో చెప్పండి.

ఇట్లు,
రోగనిర్ధారణ కోసం ఎదురుచూస్తున్నవారి భార్యలు, భర్తలు